రాస్‌బెర్రీ రిపుల్ ఐస్‌క్రీమ్: ఆ ఎర్ర చారల వెనకున్న కథేంటో తెలుసా?

తెల్లటి వెనీలా ఐస్‌క్రీమ్.. దాని మధ్యలోంచి వంకర్లు తిరుగుతూ పోయే ఎర్రటి చారలు. స్పూన్ ఎక్కడ గుచ్చినా కొంచెం తెలుపు, కొంచెం ఎరుపు కలిసి వస్తాయి. ఒక ముద్దలో తీపి ఎక్కువ, ఇంకో ముద్దలో పులుపు ఎక్కువ. ఇదే రాస్‌బెర్రీ రిపుల్. బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో తరాలుగా తింటున్న ఫ్లేవర్ ఇది. లండన్‌లోనో, మాంచెస్టర్‌లోనో స్థిరపడిన మనవాళ్ల పిల్లలకు కూడా సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లో రోజూ కనిపించే డబ్బానే.

ఇంతకీ దీన్ని కనిపెట్టింది ఎవరు? చాలా ఐస్‌క్రీమ్‌ల వెనక ఒక పేరు, ఒక ఊరు ఉంటాయి. చాక్లెట్ తునకలతో చేసే స్ట్రచ్చతెల్లా తీసుకోండి.. 1961లో ఇటలీలోని బెర్గామోలో ఎన్రికో పనత్తోని అనే ఆయన చేశారని అందరూ ఒప్పుకుంటారు. రాస్‌బెర్రీ రిపుల్‌కు మాత్రం అలాంటి పేరేదీ అతుక్కోలేదు. ఒక పెద్ద హోటల్ చెఫ్, వీధుల్లో బండ్లు తోసుకుంటూ బతికిన వలస కూలీలు, స్కాట్లాండ్ పొలాల్లో పండ్లు కోసినవాళ్లు, చివరికి ఒక మెషీన్.. వీళ్లందరి చేతుల మీదుగా తయారైన రుచి ఇది. ఈ కథలో వందల మంది ప్రాణాలు పోయిన ఘట్టం కూడా ఉంది. ఐస్‌క్రీమ్ గురించి చదువుతూ అక్కడిదాకా వెళ్తామని ఎవరూ అనుకోరు.

రిపుల్ అంటే ఏంటి?

రిపుల్ అంటే చిన్న అల. చెరువులో రాయి వేస్తే పైన ముడతలు ముడతలుగా కదులుతుంది చూడండి, అదే. పండు గుజ్జును ఐస్‌క్రీమ్‌లో పూర్తిగా కలిపేస్తే దాన్ని రిపుల్ అనరు. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌లో దొరికే సీతాఫలం ఐస్‌క్రీమ్‌లో గుజ్జు మొత్తం పాలతో కలిసిపోతుంది. కప్పులో ఐస్‌క్రీమ్ వేసి పైన సాస్ పోస్తే అది టాపింగ్. ఈ రెండింటికీ మధ్యలో ఉండేది రిపుల్. సాస్ లోపలే ఉంటుంది, కానీ కలవదు. విడిగా, చారగా నిలబడుతుంది. ఇటలీలో ఇలాంటివాటిని ‘వరియెగాతో’ అంటారు. అక్కడ పుల్లటి అమరేనా చెర్రీల పాకంతో చేసేది బాగా ఫేమస్.

చూడ్డానికి సింపుల్‌గానే ఉంటుంది. కానీ గడ్డకట్టే ఐస్‌క్రీమ్ లోపల గడ్డకట్టని సాస్‌ను నిలబెట్టడం అంత ఈజీ కాదు. ఆ కిటుకు తర్వాత చూద్దాం. ముందు అసలు వెనీలాకూ రాస్‌బెర్రీకీ జోడీ ఎలా కుదిరిందో తెలుసుకోవాలి.

గాయని కోసం పుట్టిన స్వీట్

1890ల తొలినాళ్లు. లండన్‌లోని సవాయ్ హోటల్ వంటశాలకు అప్పట్లో పెద్ద, ఫ్రాన్స్‌కు చెందిన ఒగుస్త్ ఎస్కాఫియే. అప్పటికే యూరప్ అంతా పేరున్న చెఫ్. ఆ రోజుల్లో ఆస్ట్రేలియా గాయని నెల్లీ మెల్బా కోవెంట్ గార్డెన్‌లో ‘లోహెన్‌గ్రిన్’ ఒపెరాలో పాడుతున్నారు. ఆమె అసలు పేరు హెలెన్ పోర్టర్ మిచెల్. సొంత ఊరు మెల్‌బోర్న్ మీద అభిమానంతో మెల్బా అని పెట్టుకున్నారు.

ఆ ఒపెరాలో హంస లాగే పడవ ఉంటుంది. దాన్ని గుర్తుచేసేలా ఎస్కాఫియే మంచుగడ్డను హంసలా చెక్కించి, దాని రెక్కల మధ్య వెండి గిన్నె పెట్టించారు. గిన్నెలో వెనీలా ఐస్‌క్రీమ్, దాని మీద మెత్తటి పీచ్ పండు ముక్కలు, పైన చక్కెర తీగలు. దానికి మొదట పెట్టిన పేరు కూడా హంస మీదే. అప్పటికి అందులో రాస్‌బెర్రీ లేదు!

1898లో సవాయ్ యాజమాన్యం ఎస్కాఫియేను, మేనేజర్ సీజర్ రిట్జ్‌ను ఉద్యోగాల్లోంచి తీసేసింది. లెక్కల్లో తేడాలే కారణం. ఆ తర్వాత ఇద్దరూ కలిసి లండన్‌లోనే కార్ల్‌టన్ హోటల్‌కు మారారు. పాత వంటకానికి కొత్త హోటల్‌లో ఎస్కాఫియే ఒక మార్పు చేశారు. పీచ్ ముక్కల మీద రాస్‌బెర్రీ గుజ్జు పోశారు. పేరు పీచ్ మెల్బాగా స్థిరపడింది. తీయటి వెనీలాకు పుల్లటి ఎర్ర సాస్ తోడైతే ఎంత బాగుంటుందో డబ్బున్నవాళ్లకు అలా తెలిసింది. ఆ గుజ్జుకు ‘మెల్బా సాస్’ అనే పేరు ఇప్పటికీ ఉంది.

చాలా చోట్ల కథ ఇక్కడితో ముగించేస్తారు. కార్ల్‌టన్‌లో భోంచేసే స్తోమత లండన్‌లో ఎంతమందికి ఉండేది చెప్పండి? మామూలు జనం నాలుకకు ఈ ఎర్ర సాస్ రుచి చూపించినవాళ్లు వేరే ఉన్నారు.

బండ్ల మీద వచ్చిన ఎర్ర సాస్

19వ శతాబ్దం మధ్యలో ఐస్ అంటేనే లగ్జరీ. ఫ్రిజ్‌లు లేవు. చలికాలంలో సరస్సుల మీద గడ్డకట్టిన మంచును కోసి, ఓడల్లో తెచ్చి అమ్మేవారు. అమెరికాలోని బోస్టన్ నుంచి ఇలా వచ్చిన మంచును దాచడానికి కట్టిందే చెన్నై బీచ్ ఎదురుగా ఉన్న ఐస్ హౌస్. తర్వాత వివేకానందుడు బస చేసిన భవనం అదే. లండన్‌కు మంచు నార్వే నుంచి వచ్చేది. దాన్ని తెప్పించిన పెద్ద వ్యాపారి కార్లో గట్టి. స్విట్జర్లాండ్‌లో ఇటాలియన్ మాట్లాడే ప్రాంతం నుంచి వచ్చిన వలస మనిషి. కింగ్స్ క్రాస్ దగ్గర కాలువ పక్కన ఆయన తవ్వించిన మంచు బావి ఇప్పుడు లండన్ కెనాల్ మ్యూజియంలో భాగం.

మంచు చవకయ్యేకొద్దీ ఇటలీ నుంచి వలస వచ్చిన పేదలు ఐస్‌క్రీమ్ బండ్లు పెట్టుకున్నారు. చిన్న గాజు గ్లాసులో కొంచెం ఐస్‌క్రీమ్ వేసి ఒక పెన్నీకి ఇచ్చేవారు. కస్టమర్ నాకేసి గ్లాసు తిరిగిస్తే, దాన్ని అలా నీళ్లలో ముంచి ఇంకొకరికి ఇచ్చేవారు. క్షయ లాంటి రోగాలు వ్యాపిస్తున్నాయని 19వ శతాబ్దం చివర్లో లండన్‌లో ఆ గ్లాసులను నిషేధించారు. వాటి చోటులోకి కోన్‌లు, వేఫర్ బిస్కెట్లు వచ్చాయి.

స్కాట్లాండ్‌కు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఇటలీలోని రెండు ప్రాంతాల వాళ్లే. ఒకటి టస్కనీలోని బార్గా. రెండోది లాజియో కొండల్లో పిచినిస్కో చుట్టుపక్కల ఊళ్లు. ముందు బండి, తర్వాత చిన్న షాపు, ఆపైన కేఫే.. ఇలా పైకొచ్చారు. గ్లాస్గో, ఎడిన్‌బరోలే కాదు, చిన్న చిన్న సముద్రతీర పట్నాల్లో కూడా ఒక ఇటాలియన్ ఐస్‌క్రీమ్ షాపు ఉండేది. ఇంటిల్లిపాదీ పనిచేసేవాళ్లు.

వీళ్లు వెనీలా ఐస్‌క్రీమ్ మీద ఎర్రటి రాస్‌బెర్రీ సాస్ పోసి ఇచ్చేవారు. స్కాట్లాండ్‌లో ఆ సాస్‌కు జనం పెట్టిన పేరు ‘ట్యాలీస్ బ్లడ్’. ట్యాలీ అంటే ఇటాలియన్ అని అక్కడి యాస. అంటే ‘ఇటాలియన్ రక్తం’! ఇంగ్లండ్ ఈశాన్యంలో, న్యూకాసిల్, సండర్‌లాండ్ వైపు, అదే సాస్‌ను ‘మంకీస్ బ్లడ్’ అంటారు, అంటే కోతి రక్తం. కోతిని ఆడిస్తూ వీధి వాయిద్యం వాయించే ఇటాలియన్ల నుంచి ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇప్పటికీ ఆ ఊళ్లలో ఐస్‌క్రీమ్ వ్యాన్ దగ్గరకు వెళ్లి కోతి రక్తం వేయమంటే ఎవరూ ఉలిక్కిపడరు.

వినడానికి సరదాగానే ఉన్నా, ఆ పేర్లలో వెటకారం కూడా ఉంది. షాపుకు వచ్చి ఐస్‌క్రీమ్ తింటారు, షాపువాణ్ని మాత్రం ‘ట్యాలీ’ అని పిలుస్తారు. ఆ తేడా ఎంత దూరం పోగలదో 1940లో తెలిసింది.

ఒక్క రాత్రిలో శత్రువులయ్యారు

1940 జూన్ 10. హిట్లర్ పక్షాన యుద్ధంలోకి దిగుతున్నట్టు ముస్సోలినీ ప్రకటించాడు. ఆ రాత్రే ఎడిన్‌బరో, గ్లాస్గో, లివర్‌పూల్ లాంటి నగరాల్లో గుంపులు ఇటాలియన్ షాపుల మీద పడ్డాయి. అద్దాలు పగిలాయి, సామాను లూటీ అయింది. నిన్నటిదాకా ఐస్‌క్రీమ్ కొనుక్కున్నవాళ్లే రాళ్లు వేసినవాళ్లలో ఉన్నారు.

చర్చిల్ ప్రభుత్వం ఇటాలియన్ మగవాళ్లను మూకుమ్మడిగా పట్టుకుని నిర్బంధించింది. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి, బ్రిటన్‌లోనే పిల్లల్ని కని పెంచిన ముసలివాళ్లు కూడా అందులో ఉన్నారు. కేఫే ఓనర్లు, వెయిటర్లు, వంటవాళ్లు, ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్లు.. వీళ్లే ఎక్కువ. కొందరిని జర్మన్ ఖైదీలతో కలిపి ‘అరండోరా స్టార్’ అనే ఓడ ఎక్కించి కెనడాకు పంపించారు. జులై 2న ఐర్లాండ్ వాయవ్య తీరానికి దూరంగా జర్మన్ సబ్‌మెరైన్ ఆ ఓడను టార్పెడోతో కొట్టింది. 800 మందికి పైగా చనిపోయారు. వారిలో ఇటాలియన్లే 400కు పైగా.

ఒక కుటుంబం సంగతి చూస్తే ఈ అంకెకు అర్థం తెలుస్తుంది. ఎడిన్‌బరో రేవు ప్రాంతం లీత్‌లో పావోలోత్సీ అనే ఇటాలియన్ కుటుంబం ఐస్‌క్రీమ్ షాపు నడిపేది. వాళ్ల కొడుకు ఎడ్వార్డోకు అప్పుడు 16 ఏళ్లు. అతన్ని కూడా నిర్బంధించారు. తండ్రి, తాత, మేనమామ ఆ ఓడలో వెళ్లారు. ముగ్గురూ తిరిగి రాలేదు. ఆ కుర్రాడే తర్వాత సర్ ఎడ్వార్డో పావోలోత్సీ, బ్రిటన్ గర్వంగా చెప్పుకునే శిల్పి. లండన్ బ్రిటిష్ లైబ్రరీ ముందు వంగి కూర్చుని కొలతలు వేస్తున్న పెద్ద న్యూటన్ విగ్రహం ఆయన చేసిందే. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ ట్యూబ్ స్టేషన్ గోడల మీద రంగురంగుల మొజాయిక్‌లు కూడా ఆయనవే. రోజూ వాటి పక్కనుంచి వెళ్లే లక్షల మందిలో ఐస్‌క్రీమ్ షాపు కథ తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో!

1990లో రచయిత్రి ఆన్ మరీ డి మాంబ్రో ఈ రోజుల మీద రాసిన నాటకానికి పెట్టిన పేరు ‘ట్యాలీస్ బ్లడ్’. ఐస్‌క్రీమ్ సాస్ పేరే. దాన్ని స్కాట్లాండ్ స్కూళ్లలో పిల్లలు ఇప్పటికీ చదువుతున్నారు. 2011లో గ్లాస్గోలోని సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ పక్కన మృతుల జ్ఞాపకంగా ఒక తోట కూడా కట్టారు. అంటే ఆ ఓడ మునిగిన 71 ఏళ్లకు.

ఆ పండ్లు ఎక్కడివి?

సాస్ సంగతి సరే, పండు సంగతేంటి? రాస్‌బెర్రీని దగ్గరగా చూస్తే ఒకటే పండులా ఉండదు. చిన్న చిన్న రసం గుండ్లు పదుల కొద్దీ అతుక్కుని ఉంటాయి. కోయగానే మధ్యలో గట్టి భాగం చెట్టు మీదే ఉండిపోతుంది. చేతికి వచ్చేది టోపీలా లోపల డొల్లగా ఉంటుంది. అందుకే అంత మెత్తన. గట్టిగా పట్టుకుంటే రసమే. ఒకటి రెండు రోజులు దాటితే బూజు. దూరం పంపాలంటే కష్టం, పాడవకముందే జామ్ చేయాలి లేదా గుజ్జు తీయాలి. సాస్‌లకు, ఐస్‌క్రీమ్‌లకు ఇది ఇంతలా అలవాటైన కారణాల్లో ఇదొకటి.

చల్లగా ఉండే వేసవి, ఎక్కువసేపు ఉండే పగలు.. ఈ రెండూ రాస్‌బెర్రీకి బాగా నచ్చుతాయి. స్కాట్లాండ్ తూర్పున బ్లెయిర్‌గౌరీ చుట్టూ అలాంటి వాతావరణమే. 20వ శతాబ్దం మొదట్నుంచి అక్కడ తోటలు విస్తరించాయి. జులై వస్తే డండీ, గ్లాస్గోల నుంచి కూలీల కుటుంబాలు పిల్లాపాపలతో సహా కోతలకు వెళ్లేవి. సంచార జాతులవాళ్లు గుడారాలు వేసుకునేవారు. మన దగ్గర మిరప కోతలకు ఊళ్లకు ఊళ్లే గుంటూరు, ఖమ్మం వైపు కదిలినట్టు అనుకోండి. కోసిన పండ్లలో ఎక్కువ భాగం బారెల్స్‌లో జామ్ ఫ్యాక్టరీలకు పోయేది. తాజా పండ్లను లండన్ కోవెంట్ గార్డెన్ మార్కెట్‌కు చేర్చడానికి ఏకంగా ఒక ఆవిరి రైలే నడిచింది. దాన్ని ‘రాస్‌బెర్రీ స్పెషల్’ అనేవారు. ఇప్పుడు తోటలన్నీ ప్లాస్టిక్ టన్నెల్స్ కిందకు వచ్చేశాయి. కోసేది సీజనల్ వీసాల మీద వేరే దేశాల నుంచి వచ్చే కూలీలు.

సాసేజ్ కంపెనీ ఐస్‌క్రీమ్ అమ్మింది!

బండి మీది సాస్, డబ్బాలోని రిపుల్ కావాలంటే పెద్ద కంపెనీలు దిగాలి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. వాల్స్ అనేది నిజానికి లండన్‌లో సాసేజ్‌లు, మాంసం పైలు అమ్మే కంపెనీ. ఎండాకాలంలో మాంసం గిరాకీ పడిపోయేది. పనివాళ్లను తీసేయకుండా ఉండటానికి 1922లో యాక్టన్‌లో ఐస్‌క్రీమ్ మొదలుపెట్టారు. మూడు చక్రాల సైకిల్ బండ్ల మీద అమ్మించారు. మన దగ్గర కనిపించే క్వాలిటీ వాల్స్ పేరులో సగం అక్కడి నుంచి వచ్చిందే.

యుద్ధం మధ్యలో, 1942లో, బ్రిటన్‌లో ఐస్‌క్రీమ్ తయారీనే నిషేధించారు. 1944 చివర్లో నిషేధం ఎత్తేసినా పాలు, చక్కెర కొరత పోలేదు. చక్కెర రేషన్ 1953దాకా నడిచింది. వెన్న దొరక్క ఫ్యాక్టరీలు నూనె కొవ్వులతో ఐస్‌క్రీమ్ చేయడం అలవాటు చేసుకున్నాయి. కొరత తీరినా ఆ అలవాటు మాత్రం ఉండిపోయింది. అలాంటి ఐస్‌క్రీమ్‌కు సొంత రుచి తక్కువ. మధ్యలో పుల్లటి, ఘాటైన రంగున్న పండ్ల చార వేస్తే ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. రిపుల్ అంత జోరుగా అమ్ముడుపోవడంలో ఆ చప్పటి వెనీలాకు కూడా వాటా ఉంది.

అప్పట్లో ఇళ్లలో ఫ్రీజర్లు ఎక్కడివి? అట్టపెట్టెలో ఇటుక ఆకారంలో ఐస్‌క్రీమ్ కొని, న్యూస్‌పేపర్‌లో చుట్టి, కరిగేలోపు ఇంటికి పరిగెత్తేవారు. కత్తితో ముక్కలు కోసి రెండు వేఫర్ల మధ్య పెట్టుకు తినేవారు. ఇటుకను అడ్డంగా కోస్తే ప్రతి ముక్క మీదా ఎర్ర గీతల డిజైన్ ఒక్కోలా ఉండేది. పిల్లల్లో ఎర్రది ఎక్కువ ఉన్న ముక్క నాకంటే నాకని గొడవ! 1970ల్లో ఇళ్లకు ఫ్రీజర్లు వచ్చాక ఇటుకల ప్లేస్‌లోకి పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి.

ఇదే జోడీతో పుట్టిన ఇంకో ఐటెమ్ ఆర్కిటిక్ రోల్. వెనీలా ఐస్‌క్రీమ్ చుట్టూ రాస్‌బెర్రీ జామ్, దాని చుట్టూ స్పాంజ్ కేక్. దీన్ని 1950ల్లో చేసింది చెకోస్లొవేకియా నుంచి వలస వచ్చిన ఎర్నెస్ట్ వెల్డెన్. ఇక్కడా వలస వచ్చిన మనిషే!

ఐస్‌క్రీమ్‌లో క్రెడిట్ ఎవరికి పోతుందో చెప్పలేం. మార్గరెట్ థాచర్ ఎంపీ కాకముందు జె. లయన్స్ కంపెనీలో కెమిస్ట్‌గా పనిచేశారు. అది నిజం. అంతే, మెత్తటి సాఫ్ట్ ఐస్‌క్రీమ్ కనిపెట్టిందే ఆవిడని ప్రచారం మొదలైపోయింది. అమెరికాలో సాఫ్ట్ ఐస్‌క్రీమ్ 1930ల్లోనే అమ్ముడవుతోంది. ప్రధాని పేరు అంత తేలిగ్గా అతుక్కుంది, లీత్‌లో షాపు పెట్టుకున్న ఇటాలియన్ల పేరు ఏ డబ్బా మీదా లేదు.

చార ఎందుకు గడ్డకట్టదు?

ఇప్పుడు ముందు చెప్పుకున్న కిటుకు. మామూలు పండ్ల రసం ఐస్‌క్రీమ్‌లో పోస్తే ఏమవుతుంది? గడ్డకట్టి పంటికి ఐస్ ముక్కలా తగులుతుంది. అందుకే రిపుల్ సాస్‌లో చక్కెర చాలా ఎక్కువ వేస్తారు, దాదాపు సగానికి పైగా చక్కెరే ఉంటుంది. చక్కెర కలిసిన నీరు గడ్డకట్టాలంటే ఇంకా ఎక్కువ చల్లదనం కావాలి. అందువల్ల ఇంటి ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర ఐస్‌క్రీమ్ గట్టిపడినా, సాస్ మాత్రం జిగురుగా, మెత్తగా ఉంటుంది.

అలాగని పల్చగా ఉంటే ఇంకో ఇబ్బంది. రంగు పక్కకు పాకి మొత్తం గులాబీ రంగు అయిపోతుంది. దీనికి విరుగుడు పెక్టిన్. జామ్‌ను గట్టిపరిచేది అదే. కొందరు పిండి పదార్థం కూడా వాడతారు. పండు గుజ్జును ముందే జల్లెడ పట్టి గింజలు తీసేస్తారు, లేకపోతే సన్నటి నాజిల్స్ మూసుకుపోతాయి. ఎరుపు చాలకపోతే బీట్‌రూట్ రంగు కలిపే కంపెనీలు కూడా ఉన్నాయి.

ఇక మెషీన్. అమెరికాలోని లూయివిల్‌కు చెందిన క్లారెన్స్ వోగ్ట్ 1920ల్లో ఆగకుండా నడిచే ఫ్రీజర్ తయారుచేశాడు. అంతకుముందు ఒక్కో వాయి చొప్పున ఐస్‌క్రీమ్ తిప్పి, తీసి, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది. కొత్త ఫ్రీజర్‌లో ఒకవైపు పాల మిశ్రమం పోస్తుంటే ఇంకోవైపు నుంచి మెత్తటి ఐస్‌క్రీమ్ పైపులోంచి ధారగా వచ్చేస్తుంది. బయటకు వచ్చేటప్పుడు దాని చల్లదనం సుమారు మైనస్ 5 డిగ్రీలే. టూత్‌పేస్ట్‌లా ఉంటుంది. ఆ ధార డబ్బాలో పడేలోపు ఇంకో పంపు సన్నటి నాజిల్స్‌తో సాస్‌ను లోపలికి ఎక్కిస్తుంది. నాజిల్ తిరిగేదాన్ని బట్టి చార వంపులు తిరుగుతుంది. వెంటనే డబ్బాను బాగా చల్లటి గదిలోకి తోసి గట్టిపరుస్తారు. ఆలస్యమైతే చార కిందకు జారుతుంది. చేత్తో ఒక్కో డబ్బాలో చారలు వేసే ఓపిక ఏ ఫ్యాక్టరీకీ ఉండదు కాబట్టి, ఆగని ఫ్రీజర్, సాస్ పంపు కలిశాకే రిపుల్ ఇంటింటికీ చేరింది.

కొనేముందు లేబుల్ చూడండి

బ్రిటన్‌లో డబ్బా మీద ఒక చిన్న తిరకాసు ఉంటుంది. ‘రాస్‌బెర్రీ ఫ్లేవర్డ్’ అని ఉంటే రుచి ప్రధానంగా నిజమైన పండు నుంచి రావాలి. ‘రాస్‌బెర్రీ ఫ్లేవర్’ అని మాత్రమే ఉంటే పండే ఉండాలని లేదు. చివరి రెండు ఇంగ్లిష్ అక్షరాల్లో అంత తేడా! అలాగే ‘డెయిరీ ఐస్‌క్రీమ్’ అని ఉంటేనే అందులో కొవ్వు పాలది. ఉత్త ‘ఐస్‌క్రీమ్’ అంటే నూనె కొవ్వు కూడా కావచ్చు.

మన దేశంలో రూల్ ఇంకా గట్టిగా ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ‘ఐస్‌క్రీమ్’ అని రాయాలంటే పాల కొవ్వే ఉండాలి, అది కూడా కనీసం 10 శాతం. నూనె కొవ్వుతో చేస్తే ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని రాయాలి. షాపులో రెండూ ఒకే ఫ్రీజర్‌లో, ఒకేలా మెరుస్తూ ఉంటాయి. అక్షరాలు చిన్నగా ఉంటాయి కానీ ఉంటాయి.

రాస్‌బెర్రీ మనకు అంతగా పండదు. మహాబలేశ్వర్ లాంటి చల్లటి చోట్ల కొద్దిగా దొరుకుతుంది. అందుకే మన దగ్గర రిపుల్ అంటే స్ట్రాబెర్రీ, మామిడి, బ్లాక్ కరెంట్. ఈ బ్లాక్ కరెంట్ నల్ల ఎండు ద్రాక్ష అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. రెండూ వేరు. అది చల్లటి దేశాల్లో పొదలకు కాసే పుల్లటి నల్ల పండు. మామిడి విషయంలో మాత్రం మనదే పైచేయి. చిత్తూరు జిల్లా ఫ్యాక్టరీల నుంచి తోతాపురి గుజ్జు యూరప్, గల్ఫ్ దేశాలకు ఎగుమతి అవుతోంది.

ఇంట్లో చేయాలంటే..

రాస్‌బెర్రీ లేకపోయినా ఫర్వాలేదు. స్ట్రాబెర్రీ, మామిడి, నేరేడు.. ఏదైనా సరే, కాస్త పులుపు ఉంటే చాలు. గింజలు తీసిన గుజ్జుకు దాదాపు సమానంగా చక్కెర వేసి, సన్నటి మంట మీద తేనె కంటే కొంచెం చిక్కగా అయ్యేదాకా ఉడికించండి. పులుపు చాలకపోతే నిమ్మరసం పిండండి. తర్వాత దాన్ని ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లారనివ్వాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గోరువెచ్చగా ఉన్నప్పుడే పోసేస్తే ఐస్‌క్రీమ్ కరిగి చార కరిగిపోతుంది.

వెనీలా ఐస్‌క్రీమ్‌ను గరిటె దిగేంత మెత్తబడనిచ్చి, డబ్బాలో ఒక పొర ఐస్‌క్రీమ్, పైన రెండు మూడు చెంచాల సాస్, మళ్లీ పొర.. ఇలా నింపండి. చివర్లో కత్తి గుచ్చి ఎనిమిది అంకెలా రెండుసార్లు తిప్పితే చాలు. మూడోసారి తిప్పాలనిపిస్తుంది, తిప్పకండి. అంతా గులాబీ రంగు అయిపోతుంది. మూత పెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే తెల్లారేసరికి రెడీ.